అలసటకు సాక్ష్యం ఏది?

ఎవరి మాట కాగితమెక్కుతుంది, ఎవరి మాట గాలిలో కలుస్తుంది అని ఈ వరుసలో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి కొంచెం దూరం పోదాం. అమెరికా సైన్యంలో పనిచేసి, 1991 గల్ఫ్ యుద్ధం నుంచి ఇంటికొచ్చి, "ఒంట్లో సత్తువ లేదు" అని చెప్పిన మనుషుల కథ ఇది. ఆ ఒక్క మాట నమ్మించడానికి వాళ్ళకు ముప్పై ఏళ్ళు పట్టింది. కొందరికి ఇంకా పడుతూనే ఉంది.

పోస్టు పెద్దదే. ఓపిక చేసుకుని చదవండి.

యుద్ధంలో చెయ్యి పోతే లెక్క తేలిక. చెయ్యి ఉందా, లేదా? గుమాస్తాకైనా కనపడుతుంది. మరి పొద్దున లేచి మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కునేసరికే మళ్ళీ పడుకోవాల్సి వచ్చే మనిషి సంగతి? రక్తపరీక్ష బాగానే ఉంటుంది. ఎక్స్‌రే బాగానే ఉంటుంది. చూసేవాళ్ళకు మనిషీ బాగానే ఉంటాడు. తెలుగులో దీనికి మాటలకు కొదవ లేదు. అలుపు, అలసట, నీరసం, నిస్సత్తువ, సోలిపోవడం. కానీ ఇవన్నీ దాదాపు పనితో వచ్చి నిద్రతో పోయేవి. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనే జబ్బులో అలసట నిద్రతో పోదు. ఇవాళ కాస్త ఎక్కువ పనిచేస్తే రేపు, ఎల్లుండి మంచం పట్టాలి. అందుకే మామూలు మాటలు ఆ రోగికి శత్రువులవుతాయి. "నీరసంగా ఉంది" అంటే, "నాకూ ఉంది బాబూ, పనికి పోవట్లేదా?" అంటారు.

ఒళ్ళు సహకరించడం లేదన్న మనిషిని ఒళ్ళొంగనివాడు అనడం మన పేటలకు కొత్త కాదు. కూలికి రాలేనన్న ఆడమనిషికి జ్వరం ఎంతుందో ఎవరూ చూడరు. ఆమెకున్న పేరు ముందే తయారుగా ఉంటుంది. అందుకే ఈ కథ మనకు తొందరగానే అర్థమవుతుంది.

యుద్ధం నుంచి వచ్చిన సైనికుడు ఇలా అలిసిపోవడం 1991లో మొదలు కాలేదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఫిలడెల్ఫియాలో జేకబ్ మెండెజ్ డా కోస్టా అనే డాక్టర్ సైనికులను పరీక్షించాడు. గుండె దడ, ఆయాసం, చిన్న పనికే కూలబడిపోవడం. గుండెలో మాత్రం పెద్ద లోపం కనపడలేదు. 1871లో ఆయన దీని మీద రాస్తూ ఆ గుండెను చిరాకుపడే గుండె అన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ డాక్టర్ థామస్ లూయిస్ దాన్నే శ్రమ సిండ్రోమ్ అన్నాడు. యుద్ధం మారినప్పుడల్లా పేరు మారింది. అనుమానం మాత్రం అదే: వీడికి జబ్బా, వేషమా?

అనుమానం వస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఇక్కడే మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మాజీ సైనికుల శాఖ "నీకు పెన్షన్ రాదు" అంటే దాని మీద కోర్టుకు పోయే దారి అమెరికాలో 1988 దాకా లేనట్టే. శాఖ మాటే ఆఖరి మాట. లాయర్ని పెట్టుకోవడమూ కుదిరేది కాదు. మాజీ సైనికుడి కేసుకు లాయరు పది డాలర్ల కంటే ఎక్కువ ఫీజు తీసుకోకూడదని 1864లో చట్టం చేశారు. సైనికులను దళారులు దోచుకోకుండా కాపాడటానికే అన్నారు. ఆ పది డాలర్లు వందేళ్ళు దాటినా పది డాలర్లుగానే ఉన్నాయి. అణుబాంబు పరీక్షల్లో రేడియేషన్‌కు గురైన మాజీ సైనికులు దీన్ని ప్రశ్నిస్తే, 1985లో సుప్రీంకోర్టు ఆ పరిమితి సరైనదే అని తీర్పు చెప్పింది. ఎవరినో కాపాడుతున్నామంటూ వాళ్ళ నోరు కట్టేసే చట్టాలు ఎలా ఉంటాయో మనకు వేరే చెప్పాలా?

1988 నవంబరులో చట్టం మారింది. మాజీ సైనికుల అప్పీళ్ళ కోసం ప్రత్యేక కోర్టు వచ్చింది. అదే ఏడాది మార్చిలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పరిశోధకులు ఒక జబ్బుకు క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని పేరు పెట్టి నిర్వచనం రాశారు. అంతకుముందు 1984, 85ల్లో నెవాడా రాష్ట్రంలోని లేక్ టాహో దగ్గర చాలామంది ఇలా మంచాన పడ్డారు. పత్రికలు దాన్ని డబ్బున్న కుర్రకారు జ్వరం అని ఎగతాళి చేశాయి. ఒకే ఏడాదిలో జబ్బుకు పేరొచ్చింది, అప్పీలుకు కోర్టొచ్చింది. రెండూ కలుసుకోవడానికి మధ్యలో ఒక యుద్ధం జరగాల్సి వచ్చింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. 1991 జనవరిలో బాంబుదాడులు మొదలయ్యాయి. నేల మీద యుద్ధం సుమారు 100 గంటల్లో ముగిసింది. అమెరికా నుంచి దాదాపు 6,97,000 మంది సైనికులు వెళ్ళారు. టీవీలో చూసినవాళ్ళకు అది సునాయాసంగా గెలిచిన యుద్ధం. కానీ ఆ సైనికుల ఒంట్లోకి ఏమేం వెళ్ళాయో చూడండి.

ఒకటి, మాత్రలు. నరాల మీద పనిచేసే విషవాయువు నుంచి కాపాడటానికి పైరిడోస్టిగ్మిన్ బ్రోమైడ్ అనే మాత్రలు ఇచ్చారు. 30 మిల్లీగ్రాముల మాత్ర, ఎనిమిది గంటలకోసారి. సుమారు రెండున్నర లక్షల మంది మింగారని అంచనా. ఈ పనికి ఆ మందును అప్పటికి పూర్తిగా ఆమోదించలేదు. అలాంటి మందు ఇవ్వాలంటే మనిషి అనుమతి కావాలి. సైన్యానికి ఆ అవసరం లేకుండా ఔషధ నియంత్రణ సంస్థ 1990 డిసెంబరులో నిబంధన సడలించింది. ఎవరు ఎన్ని మింగారో చాలామంది వైద్య రికార్డుల్లో రాయనే లేదు.

రెండు, పురుగుమందులు. గుడారాల్లో, బట్టల మీద, ఒంటి మీద. మూడు, పొగ. వెనక్కి పోతూ ఇరాక్ సైన్యం 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. ఆఖరి బావి ఆరింది 1991 నవంబరులో. నాలుగు, కామిసియా.

కామిసియా దక్షిణ ఇరాక్‌లో ఒక ఆయుధాల గోదాము. 1991 మార్చిలో అమెరికా సైనికులే దాన్ని పేల్చేశారు. లోపలి రాకెట్లలో సారిన్ అనే విషం ఉందని వాళ్ళకు తెలియదు. ఈ సంగతి పెంటగాన్ ఒప్పుకున్నది 1996 జూన్‌లో, అంటే ఐదేళ్ళ తర్వాత. ఎంతమందికి తగిలిందయ్యా అంటే, మొదట కొన్ని వందలమంది అన్నారు. తర్వాత 5,000. తర్వాత 20,000. 1997 వచ్చేసరికి దాదాపు లక్ష. ఆ లక్షమందికీ ఉత్తరాలు రాశారు. 2000లో లెక్క మళ్ళీ వేసి, కొన్ని వేలమందిని జాబితాలోంచి తీసేశారు, కొన్ని వేలమందిని కొత్తగా చేర్చారు. 2004లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ, ఈ లెక్కలకు ఆధారమైన కంప్యూటర్ నమూనాలే నమ్మదగినవి కావని తేల్చింది.

ఇప్పుడు ఆ సైనికుడి స్థానంలో నిలబడి ఆలోచించండి. ఏ మాత్ర మింగావో రుజువు చెయ్యమంటారు. రాసుకోవాల్సినవాళ్ళు రాసుకోలేదు. ఏ గాలి పీల్చావో రుజువు చెయ్యమంటారు. పేల్చమని చెప్పినవాళ్ళే ఐదేళ్ళు నోరు విప్పలేదు. సాక్ష్యం మొత్తం ఎదుటి పక్షం చేతిలో ఉంది. రుజువు చేసే భారం మాత్రం రోగి నెత్తిన ఉంది.

ఈ ముడి విప్పడానికి అమెరికా కాంగ్రెస్ 1994 నవంబరులో ఒక చట్టం చేసింది. నా దృష్టిలో ఇది ప్రపంచ సంక్షేమ చట్టాల చరిత్రలోనే వింతైనది. అప్పటిదాకా ఎక్కడైనా ముందు జబ్బు పేరు చెప్పాలి, తర్వాతే పరిహారం. ఈ చట్టం తిరగేసి చెప్పింది. గల్ఫ్‌లో పనిచేసిన మనిషికి డాక్టర్లు పేరు పెట్టలేని జబ్బు దీర్ఘకాలంగా ఉంటే, ఆ పేరు లేకపోవడమే పరిహారానికి దారి. అది సైనిక సేవ వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది, మనిషి రుజువు చెయ్యక్కర్లేదు. 2001 డిసెంబరులో దీన్ని ఇంకా పెంచారు. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్, ఫైబ్రోమయాల్జియా, పేగుల పని అదుపుతప్పే జబ్బులను పేరు పెట్టి చేర్చారు. 2002 మార్చి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

చట్టం బాగుంది. మరి ఆఫీసులో ఏం జరిగింది?

మొదటి మడత, గడువు. గల్ఫ్ వదిలిన రెండేళ్ళలో జబ్బు బయటపడాలని 1995లో నియమం పెట్టారు. జబ్బు క్యాలెండర్ చూసుకుని వస్తుందా? 1997లో దాన్ని 2001 ఆఖరుదాకా పొడిగించారు. తర్వాత 2006, 2011, 2016, 2021, 2026. ఐదేళ్ళకోసారి తలుపు మూతపడబోవడం, ఆఖర్లో మళ్ళీ తీయడం.

రెండో మడత, నిర్వచనం. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ ఉందని ఒప్పుకోవాలంటే, రోజువారీ పనులు సగానికి పడిపోయేంత అలసట కొత్తగా మొదలై కనీసం ఆరు నెలలు ఉండాలి. అలాంటి లక్షణాలు తెచ్చే మిగతా జబ్బులేవీ లేవని తేలాలి. పది లక్షణాల్లో ఆరు ఉండాలి. సన్న జ్వరం, గొంతు మంట, గ్రంథుల నొప్పి, కండరాల నొప్పి, తలనొప్పి, కీళ్ళు మారుతూ వచ్చే నొప్పులు, నిద్ర చెడటం, శ్రమపడ్డాక 24 గంటలు దాటినా తీరని అలసట, ఇలా.

మూడో మడత, శాతం. అలసట మనిషిని ఎంత తినేసిందో చూసి 10, 20, 40, 60, 100 శాతం అని మెట్లు కట్టారు. ఏడాదిలో ఎన్ని వారాలు పూర్తిగా మంచాన పడ్డావన్నది ఒక కొలత. వారం నుంచి రెండు వారాల లోపైతే 10, రెండు నుంచి నాలుగు వారాల లోపైతే 20, నాలుగు నుంచి ఆరు లోపైతే 40, ఆరు వారాలు, ఆపైనైతే 60. కానీ మంచాన పడ్డానంటే చాలదు. పడక విశ్రాంతితోపాటు డాక్టరు వైద్యం కూడా అవసరమై ఉండాలి. ఈ జబ్బును నయం చేసే మందు ఇప్పటికీ లేదు. పోయిన ప్రతిసారీ "విశ్రాంతి తీసుకో" అనే మాట తప్ప ఇంకేం దొరకనప్పుడు, లేవలేని రోజున కారు ఎక్కి డాక్టరు దగ్గరకు ఎవరు పోతారు? ఇంట్లో పడుకున్న వారాలు ఏ ఫైల్లోనూ ఉండవు. జబ్బు ఎంత ముదిరితే సాక్ష్యం అంత తగ్గుతుంది.

నాలుగో మడత అన్నిటికంటే గడుసుది. పరీక్షించిన డాక్టరు అలసటకు ఒక పేరు, కీళ్ళనొప్పికి ఇంకో పేరు, నిద్రకు మరో పేరు పెట్టాడనుకోండి. అప్పుడు ఆఫీసు, "నీ జబ్బులకు పేర్లున్నాయి కదా, పేరు లేని జబ్బు కింద నీకు రాదు" అంటుంది. "సరే, ఆ పేర్ల కిందే ఇవ్వండి" అంటే, "అవి సైనిక సేవ వల్లే వచ్చాయని రుజువు చెయ్యి" అంటుంది. పేరు లేకపోతే రాదు, పేరుంటే రాదు. చట్టం తీసేసిన భారాన్ని ఆఫీసు వెనక గుమ్మంలోంచి మళ్ళీ తెచ్చి నెత్తిన పెట్టింది.

ఇది నా ఊహ కాదు, లెక్క ఉంది. 2017లో ఆ దేశపు ఆడిట్ సంస్థే రిపోర్టు ఇచ్చింది. 2015 ఆర్థిక సంవత్సరంలో గల్ఫ్ యుద్ధ జబ్బుల క్లెయిముల్లో 17 శాతమే మంజూరయ్యాయి. మిగతా జబ్బులకు ఆ సంఖ్య 57 శాతం. గల్ఫ్ క్లెయిములకు సగటున నాలుగు నెలలు ఎక్కువ పట్టింది. కారణాల్లో ఒకటి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఈ జబ్బుల మీద పరీక్షించే డాక్టర్లకు 90 నిమిషాల శిక్షణ ఒకటి ఉంది. ఇష్టమైతేనే తీసుకోవచ్చు. 2017 ఫిబ్రవరి నాటికి తీసుకున్నది 10 శాతం మందే. గంటన్నర పాఠం వినని మనిషి, ఇంకో మనిషి పాతికేళ్ళ బాధ మీద సంతకం పెట్టాడు.

అందుకే అప్పీళ్ళు. 1988లో పుట్టిన కోర్టు, దాని పైనున్న ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు మెల్లమెల్లగా కొన్ని మాటలు చెప్పాయి. 2004లో గల్ఫ్ మాజీ సైనికుడి కేసు ఒకటి వచ్చింది. పేరు లేని జబ్బుకు, సేవకు మధ్య లంకె ఉందని డాక్టరు రాసివ్వాలని అడగకూడదు, ఆ చట్టం చేసిందే అందుకు అని కోర్టు గుర్తుచేసింది. తన ఒంటి బాధ గురించి మామూలు మనిషి చెప్పిన మాట కూడా సాక్ష్యమే అంది. 2006లో ఇంకో కేసు. ఆ రోజుల్లో రాసిన వైద్య రికార్డు లేదన్న ఒక్క కారణంతో మనిషి మాటను కొట్టేయకూడదన్నారు. 2018లో, పేరున్న జబ్బేదీ దొరక్కపోయినా నొప్పి తనకు తానే వైకల్యం కావచ్చని తేల్చారు. అంతకుముందు పందొమ్మిదేళ్ళుగా నొప్పి ఒక్కటే ఉంటే వైకల్యం కాదన్న పాత తీర్పే నడిచింది.

ఈ తీర్పుల వల్ల భార్య రాసిన ఉత్తరానికి, తోటి సైనికుడి వాంగ్మూలానికి విలువ పెరిగింది. "మా ఆయన ముందు ఇల్లంతా ఒక్కడే సున్నం వేసేవాడు, ఇప్పుడు మెట్లెక్కి వచ్చి గంట పడుకుంటాడు" అని ఇంట్లోవాళ్ళు రాసే మాట, ప్రయోగశాల చూపలేనిదాన్ని చూపుతుంది. రెండు వైపులా సాక్ష్యం సమంగా తూగితే అనుమానపు లాభం మాజీ సైనికుడికే ఇవ్వాలని అక్కడి చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. ఆ లాభం అందుకోవాలంటే ముందు త్రాసులోకి నీ మాట ఎక్కాలి. అప్పీళ్ళ పోరాటమంతా దానికోసమే.

2019 ఫిబ్రవరి నుంచి అప్పీలుకు మూడు దారులు పెట్టారు. కొత్త సాక్ష్యంతో మళ్ళీ అడగడం, పై అధికారితో తిరిగి చూపించడం, బోర్డుకు పోవడం. నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు కదలాలి. ఆ ఏడాది దాటిందా, మొదట అడిగిన తేదీ నుంచి రావాల్సిన బకాయి పోతుంది. గుర్తుంచుకోండి, ఈ పరుగు పెట్టాల్సింది కాగితం చదివితే తలనొప్పి వచ్చే, రెండు రోజులు మాట్లాడితే నాలుగు రోజులు పడుకునే మనిషి.

మరి సైన్స్ ఏమంది? 1996 ఆఖర్లో అధ్యక్షుడు వేసిన సలహా సంఘం, మానసిక ఒత్తిడి ముఖ్యమైన కారణాల్లో ఒకటి కావచ్చంది. చాలామంది సైనికులు దాన్ని "అంతా నీ బుర్రలోనే ఉంది" అన్నట్టుగా విన్నారు. 2008లో చట్టప్రకారం ఏర్పడిన పరిశోధన సలహా కమిటీ, ఈ జబ్బు నిజమైనది, కనీసం నలుగురిలో ఒకరికి ఉంది, మాత్రలతో, పురుగుమందులతో సంబంధం బలంగా కనపడుతోంది అని రాసింది. 2015లో అమెరికా వైద్య సంస్థ, క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ తీవ్రమైన శారీరక వ్యాధి అని, ఆ పేరే రోగిని చిన్నబుచ్చుతోందని చెప్పి కొత్త పేరు సూచించింది. 2022లో టెక్సాస్ పరిశోధకులు, సారిన్‌ను విరిచే ఎంజైము కొందరి ఒంట్లో పుట్టుకతోనే బలహీనమని, సారిన్ తగిలితే జబ్బు వచ్చే అవకాశం వాళ్ళకే ఎక్కువని చూపారు. పక్కపక్క గుడారాల్లో ఉన్నవాళ్ళలో ఒకరు కూలిపోయి ఒకరు నిలబడటం వేషం కాదని అర్థమయ్యేసరికి 31 ఏళ్ళు.

2022 ఆగస్టు 10న పాక్ట్ చట్టం వచ్చింది. గల్ఫ్ జబ్బుల గడువు మొత్తానికి ఎత్తేసింది. అఫ్గానిస్తాన్‌తో సహా మరికొన్ని దేశాల్లో పనిచేసినవాళ్ళను చేర్చింది.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతం. కానీ ఇంకో లెక్క ఉంది. గల్ఫ్‌కు పోయిన అమెరికా సైనికుల్లో ఐదింట ఒక వంతు దాకా నల్లజాతివాళ్ళు. దేశ జనాభాలో వాళ్ళ వాటా అప్పట్లో పన్నెండు శాతం. చావు దగ్గర వాటా ఎక్కువే దక్కింది. మరి పరిహారం దగ్గర? 2001 నుంచి 2020 దాకా వైకల్య పరిహారం కోరిన నల్లజాతి మాజీ సైనికుల్లో సగటున 29.5 శాతం మందికి తిరస్కారం ఎదురైంది. తెల్లవాళ్ళలో 24.2 శాతం. ఇది శాఖ సొంత రికార్డుల్లోంచి సమాచార హక్కు కింద లాగిన లెక్క. అన్ని జబ్బులూ కలిపిన లెక్క. ఇందులో నాకు అర్థమైంది ఇదీ: ఎక్కడైతే సాక్ష్యం మనిషి మాటేనో, అక్కడ ఆ మాట ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఎక్స్‌రేకు రంగు తెలియదు, కులం తెలియదు. "నాకు సత్తువ లేదు" అన్న మాట వినే మనిషికి తెలుస్తుంది.

ఇంకొక్క సంగతి, ఇది మనది. ఆ యుద్ధం జరిగిన కువైట్‌లో మన కడప, రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల మనుషులు ఇళ్ళలో, డ్రైవర్లుగా, కట్టుబడి పనుల్లో ఉన్నారు. 1990లో యుద్ధానికి ముందు 1,70,000 మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. యుద్ధం అయ్యాక మన జనం మళ్ళీ అదే నేల మీదకు పనికి పోయారు. అప్పులు ఆగవు కదా. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన పరిహార కమిషన్, వదిలి రావాల్సి వచ్చినందుకు వాళ్ళకు డబ్బు ఇచ్చింది. కానీ తర్వాత ఏ పదేళ్ళకో ఒంట్లో సత్తువ పోతే? వాళ్ళ పేర సైనిక ఫైల్ లేదు. కామిసియా ఉత్తరం రాలేదు. బాంబుల కింద బతికిన బస్రా జనానికి అసలు అప్పీలు పెట్టుకునే ఆఫీసే లేదు. అమెరికా సైనికుడికి దక్కింది ఆలస్యమైన న్యాయం. మిగతావాళ్ళకు "రాదు" అని చెప్పడానికి కూడా ఎవరూ లేరు.

ఈ చరిత్ర నుంచి నేను తీసుకునేది ఒకటే, మిత్రులారా. రుజువు భారం ఎవరి మీద పెట్టాలన్నది వైద్యం తేల్చే విషయం కాదు, రాజకీయం తేల్చేది. 1994లో ఆ భారాన్ని ప్రభుత్వం తనమీద వేసుకుంది. రికార్డు రాయనిది తనే కాబట్టి, విషం దాచింది తనే కాబట్టి. ఆ న్యాయం సైన్యానికే ఎందుకు ఆగాలి? ఫ్యాక్టరీ గేటు దగ్గర, మురుగు కాలువ దగ్గర, పురుగుమందు కొట్టే పొలంలో రికార్డు ఎవరి చేతిలో ఉంది, భారం ఎవరి నెత్తిన ఉంది?

ఈసారి మీ ఇంట్లోగానీ, వాడలోగానీ ఎవరైనా "చేతకావట్లేదు" అంటే, తేదీ వేసి ఒక ముక్క రాసిపెట్టండి. ఏ రోజు, ఎన్నాళ్ళు, ఏ పని ఆగిపోయింది. చదువుకున్నవాళ్ళం కనీసం ఆ గుమాస్తా పనైనా మన జనానికి చేసిపెడదాం.